ఈ వారం సమస్య: దయ్యమున్న చోట ధైర్యమబ్బె

నిర్వాహకుడు: మా ఇంట్లో పిల్లలు దయ్యం సినిమా పెట్టుకుని, దయ్యం రానంతసేపు దుప్పట్లో దూరి, తీరా అది రాగానే పకపకా నవ్వారు. అప్పుడు తట్టిన పాదం ఇది. పూరణలో భయపెట్టే సినిమా ఏదో ఒకటి తొంగి చూడాలి. కొత్త జిల్లాల గొడవ, పాత పద్యాల గొడవ ఇక్కడికి తేవద్దని మనవి.

గుత్తికోట:

తలుపు చప్పుడైన తల్లడిల్లెను గాని
తెరను బొమ్మ పడగ తెలిసిపోయె
మైదపిండి పూత, మాస్కురా యిది యంచు;
దయ్యమున్న చోట ధైర్యమబ్బె

సినిమా పేరు అడగొద్దు. ఇలాంటివి బోలెడు.

పెన్నేటి గట్టు: ‘మైదపిండి’కి వంద మార్కులు. దయ్యం సినిమా అంటే తలుపు చప్పుడు దాకానే, ఆ తర్వాతదంతా మేకప్పు ఖర్చు. 1992లో వర్మ తీసిన ‘రాత్రి’ చూడండి. ఇంట్లో ఎవరో నడుస్తున్నట్టు కెమెరా కదులుతుంది, నడిచేదెవరో మనకు కనపడదు. రేవతి ముఖం చూసి మనం జడుసుకోవాలంతే.

హంద్రీ ఒడ్డు: మైదపిండి సరే, ‘తల్లడిల్లెను’కి కర్త యాడ సామీ? తల్లడిల్లింది ప్రేక్షకుడా, తలుపా? ఇక నాది చూడండి.

వదల ననెడి కేక వణికించె నొకనాడు
నేడు కోట ముందు నిలిచి నవ్వి
ఫోను తీసి జనులు ఫోజులిచ్చిరి గదా
దయ్యమున్న చోట ధైర్యమబ్బె

మా బనగానపల్లె నవాబు బంగ్లా ఇది. 2009లో ‘అరుంధతి’ వచ్చినాక అందరికీ అరుంధతి కోట అయిపోయింది. యాగంటికి పోయేవాళ్లు బండి ఆపి, పశుపతి లెక్క గొంతు పెట్టి ఒకసారి అరిచి, ఫోటో దిగి, సెనగలు తింటూ పోతారు. చంటిపిల్లకు కూడా భయం లేదు అక్కడ.

పెన్నేటి గట్టు: ‘మా’ అంటారేం? బనగానపల్లె 2022 నుంచి నంద్యాల జిల్లా. ఇంతకీ ఆ ‘గదా’ ఎందుకు గదా? గణం నిండక తగిలించిన ముక్క. భావం మాత్రం బాగుంది, ఒప్పుకోక తప్పదు. అయితే ఆ కేకతో వణికించింది సోనూ సూద్ ముఖం కాదు, డబ్బింగ్ చెప్పిన రవిశంకర్ గొంతు. కళ్లు మూసుకుని విన్నా ఒళ్లు జలదరిస్తుంది. బంగ్లాకి పోయినవాళ్లకు ఆ గొంతు వినపడదు కాబట్టే అంత ధైర్యం.

నిర్వాహకుడు: జిల్లాల సంగతి వద్దన్నానా లేదా?

దేవునికడప: ఇంగ్లీషు సినిమా పనికొస్తుందా తమ్ముడూ? పనికొచ్చినా రాకపోయినా పెట్టేస్తున్నా.

నీటిలోన నేమొ నిక్కి చూచెడు నంచు
గుండె దడదడమని కొట్టుకొనియె
చేప పైకి తేలగ చెక్కబొమ్మగ తోచె
దయ్యమున్న చోట ధైర్యమబ్బె

1975లో వచ్చిన ‘జాస్’. వాళ్లు చేయించిన యంత్రపు షార్కు ఉప్పునీళ్లలో మాటిమాటికీ మొరాయించిందట. దాంతో స్పీల్‌బర్గ్ చేపను వీలైనంత దాచి, నీళ్లూ సంగీతమూ చూపించి లాక్కొచ్చాడు. యంత్రం సరిగ్గా పనిచేసి ఉంటే మనం ఇంత భయపడేవాళ్లం కాదు.

హంద్రీ ఒడ్డు: అక్కా, ‘తేలగ’లో ఒక లఘువు మునిగిపోవాలి. ‘తేల’ చాలు. అది పోనీ, చేప దయ్యమెప్పుడైంది?

దేవునికడప: ఆ ‘గ’ ఈ ఫోను చేసిన ఘనకార్యం, దాన్నడుగు. మనిషిని మింగేది ఏదైనా మా వీధిలో దయ్యమే. రెండంటే రెండు స్వరాలు మోగిస్తే చాలు, చేప రాకముందే కాళ్లు పైకి లాక్కుంటాం కదా, మరి అది దయ్యం పనే.

గుత్తికోట: అక్క వాదన భలే ఉంది, పద్యం కన్నా!

హంద్రీ ఒడ్డు: ఈమధ్య మన దగ్గర మాటలకు ఏ అర్థం కావాలంటే ఆ అర్థం. పోయిన నెల ‘పెన్న యెండి పోయి పెరిగె నీరు’ అని ఇస్తే, రైతు కంట్లో నీరు పెరిగిందని ఒకాయన రాశాడు. అందరూ ఆహా ఓహో అన్నారు. ఏటిని గురించి అడిగితే కంటిని గురించి చెప్పడం పూరణా? దాటవేత!

పెన్నేటి గట్టు: నెల దాటినా ఆ పద్యం తమరిని పట్టుకునే ఉందన్నమాట. దిష్టి తీయించుకోండి.

గుత్తికోట: వదల నిన్ను వదల… అంటోంది కాబోలు.

నిర్వాహకుడు: పాత పద్యాల సంగతీ వద్దన్నాను. పెన్నేటి గట్టుగారూ, పొద్దుట్నుంచి అందరి ముక్కలూ ఏరుతున్నారు. మీ పూరణ ఏది?

పెన్నేటి గట్టు:

మనిషి లేని యింట మసలు సవ్వడి విని
ప్రాణమాగినంత పనియు నయ్యె
తోడు దొరికె నాకు తొలగె నొంటరి భీతి
దయ్యమున్న చోట ధైర్యమబ్బె

‘రాత్రి’ చూసి సెకండ్ షో నుంచి ఇంటికొచ్చాక పుట్టిన భయం ఇది. తాళం తీస్తే లోపల ఎవరూ ఉండరు, గిన్నె మాత్రం కదులుతుంది. ఆ గిన్నె ఎవరు కదిపారో తెలియకపోవడమే నరకం. దయ్యమే అని తేలిపోతే మంచం మీద కాస్త జరిగి దానికీ చోటివ్వొచ్చు.

దేవునికడప: అబ్బ! దయ్యాన్ని తోడు చేసుకున్నావు నాయనా. మేమంతా అది ఉత్తుత్తిదని నవ్వాం, నువ్వు నిజమని నమ్మి ధైర్యం తెచ్చుకున్నావు.

హంద్రీ ఒడ్డు: మెలిక బాగుంది, కాదనను. కానీ ‘ఒంటరి భీతి’ ఏం సమాసం? పంచె మీద టై కట్టినట్టుంది.

పెన్నేటి గట్టు: తెలుగు ముందు, సంస్కృతం వెనక. మిశ్రసమాసం, చెల్లుతుంది.

నిర్వాహకుడు: చెల్లినా చెవికి గుచ్చుకుంటోంది. ‘భీతి’ తీసి ‘బెంగ’ పెట్టండి. గణం కదలదు, ఒంటరికి అతికినట్టుంటుంది. ఈ వారం నా ఓటు దీనికే.

హంద్రీ ఒడ్డు: ఓటు వేసే ముందు ఇది కూడా చూసుండాల్సింది.

చెవులు మూసి చూడ చెదరిపోయెను భీతి
వాద్యఘోష లేని వట్టి బొమ్మ
గుడ్లు మిటకరించి గుటకలే మ్రింగెను
దయ్యమున్న చోట ధైర్యమబ్బె

నచ్చిన సినిమాలో ఘోరమైన సీను పెట్టి సౌండ్ తీసేయండి. దయ్యం పాపం గొంతులో ముల్లు గుచ్చుకున్న మనిషిలా కనపడుతుంది. 1960 నాటి ‘సైకో’లో స్నానాల గది హత్యకు అసలు సంగీతమే వద్దనుకున్నాడు హిచ్‌కాక్. సంగీతం కట్టిన హెర్మన్ పట్టుబట్టి వయొలిన్లు కీచుమనిపించాడు. ఆయనే గనక ఊరుకుని ఉంటే ఆ కత్తి కూరగాయలు తరిగే కత్తే.

గుత్తికోట: గుటకలు మింగే దయ్యం! మా ఇంట్లో చదివి వినిపిస్తే పొర పోయింది ఒకరికి.

నిర్వాహకుడు: తొందరపడి ఓటేశానేమో!

పెన్నేటి గట్టు: గుటకలు బాగున్నాయి, అన్వయమే కుదరలేదు. చెవులు మూసుకున్నది మీరు. ‘ఘోష లేని బొమ్మ’ అంటే బొమ్మకే సంగీతం లేనట్టయింది.

హంద్రీ ఒడ్డు: కన్నీళ్లను పెన్నలో పారించినవాడివి, నువ్వా నాకు అన్వయం చెప్పేది?