గ్రనాడా యాత్ర: తల్లిదండ్రులతో అయిదు రాత్రుల ప్రణాళికపై సలహాలు కావాలి

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. మేము జర్మనీలో ఫ్రాంక్‌ఫర్ట్ దగ్గర ఉంటున్నాము. తెనాలి నుంచి మా అమ్మానాన్నలు ఏప్రిల్‌లో వస్తున్నారు. వారికి స్పెయిన్‌లోని గ్రనాడా నగరంలో ఉన్న అల్‌హంబ్రా కోటను చూపించాలన్నది నా చిరకాల కోరిక. ఏప్రిల్ 30 సాయంత్రం మలగా విమానాశ్రయంలో దిగి, మే 5న అక్కడి నుంచే తిరిగి రావాలని అనుకుంటున్నాము. మొదటి రాత్రి గ్రనాడాలో, తరువాత రెండు రాత్రులు సెవిల్‌లో, ఒక రాత్రి కొర్దొబాలో, చివరి రాత్రి రోందాలో గడపాలని ఒక ప్రణాళిక వేసుకున్నాను. అమ్మకు 63 ఏళ్ళు, మోకాళ్ళ నొప్పి ఉంది. నాన్నగారికి 69 ఏళ్ళు, బాగానే నడుస్తారు. ఇద్దరూ గుడ్డు కూడా ముట్టని శాకాహారులు. వారికి జర్మనీ ఇచ్చిన షెంజెన్ (ఒకే వీసాతో తిరగగల ఐరోపా దేశాల కూటమి) వీసా ఉంది. ఈ ప్రణాళిక సాధ్యమేనా, టికెట్లు ఎప్పుడు కొనాలి, ఎక్కడ బస చేయాలి, భోజనం సంగతి ఎలా అన్నవి తెలిసినవారు వివరించగలరు.

మొదటి సమాధానం

నమస్కారమండి. ముందుగా వీసా సంగతి చెబుతాను. మీ తల్లిదండ్రుల ప్రధాన గమ్యం జర్మనీయే కనుక జర్మనీ వీసాతోనే స్పెయిన్‌కు వెళ్ళి రావచ్చు. షెంజెన్ దేశాల మధ్య జరిగే ప్రయాణం కనుక సింగిల్ ఎంట్రీ వీసా అయినా ఇబ్బంది లేదు. అయితే అసలు పాస్‌పోర్టులు ఎప్పుడూ వెంట ఉండాలి. ఆ అవసరం విమానాశ్రయంలో కంటే అల్‌హంబ్రా గుమ్మం దగ్గరే ఎక్కువ.

ఇక ప్రణాళిక విషయంలో నా అభిప్రాయం గట్టిగానే చెప్పవలసి వస్తోంది. మోకాళ్ళ నొప్పి ఉన్నవారితో అయిదు రాత్రుల్లో నాలుగు ఊళ్ళు తిరిగితే ప్రతిరోజూ సామాను సర్దుకోవడం, స్టేషన్‌కు పరుగెత్తడం, కొత్త గది వెతుక్కోవడంతోనే సరిపోతుంది. మీరు చూపించాలనుకున్నది అల్‌హంబ్రా అయినప్పుడు గ్రనాడాకు ఒక్క రాత్రి ఇవ్వడం న్యాయం కాదు. సెవిల్, రోందాలను మరో యాత్రకు వదిలేసి, నాలుగు రాత్రులు గ్రనాడాలోనూ ఒక రాత్రి కొర్దొబాలోనూ ఉండమని నా సలహా. మలగా విమానాశ్రయం నుంచి గ్రనాడాకు బస్సులో సుమారు రెండు గంటలు పడుతుంది. తిరుగు ప్రయాణంలో కొర్దొబా నుంచి మలగాకు హైస్పీడ్ రైలులో సుమారు గంటలో చేరుకోవచ్చు కనుక వెళ్ళిన దారినే వెనక్కి రానక్కరలేదు.

విమానం టికెట్లు, హోటలు కంటే ముందు కొనవలసినది అల్‌హంబ్రా ప్రవేశ టికెట్. ఈ యాత్రలో మిగతా ఏర్పాట్లన్నీ దాని మీదే ఆధారపడి ఉంటాయి. కోట ఆవరణలో అల్కసాబా దుర్గం, హెనరలీఫే తోటలు, నస్రిద్ (గ్రనాడాను ఏలిన ముస్లిం రాజవంశం) రాజమందిరాలు అనే మూడు ప్రధాన భాగాలు ఉన్నాయి. సాధారణ టికెట్‌పై మూడింటిలోకీ ఒక్కొక్కసారి ప్రవేశించవచ్చు. మొదటి రెండింటికీ సమయం పట్టింపు లేదు కానీ, రాజమందిరాలలోకి మాత్రం టికెట్‌పై ముద్రించిన వేళకే వెళ్ళాలి. ఆ వేళ దాటిపోతే లోపలికి రానివ్వరు. లోపలికి వెళ్ళిన తరువాత ఎంతసేపు ఉన్నా అభ్యంతరం లేదు. మే 1 సెలవు చుట్టుపక్కల రద్దీ బాగా ఎక్కువ కనుక, రెండు మూడు నెలల ముందే కోట నిర్వహణ సంస్థ అధికారిక వెబ్‌సైట్‌లో కొనుక్కోండి. అదే పోలికతో కనిపించే దళారుల వెబ్‌సైట్లు చాలా ఉన్నాయి, అక్కడ ధర ఎక్కువ.

టికెట్‌పై ప్రతి ఒక్కరి పేరు, పాస్‌పోర్టు నంబరు ఉంటాయి. లోపల కూడా వాటిని సరిచూస్తారు. మన తెలుగువారి పాస్‌పోర్టులలో కొందరికి ఇంటిపేరు విడిగా ఉంటుంది, కొందరికి పేరులోనే కలిసిపోయి సర్‌నేమ్ గడి ఖాళీగా ఉంటుంది. కాబట్టి వాడుకలో ఉన్న పేరు కాకుండా, పాస్‌పోర్టులో అక్షరం అక్షరం ఎలా ఉందో అలాగే నింపండి. పిల్లలు కూడా వస్తున్నట్లయితే, 12 ఏళ్ళ లోపువారికి రుసుము లేకపోయినా టికెట్ మాత్రం తీసుకోవాలి.

రెండవ సమాధానం

పై సభ్యులు చెప్పినదానితో ఏకీభవిస్తూ, అమ్మగారి మోకాళ్ళను దృష్టిలో పెట్టుకుని కోట లోపల నడిచే వరుస గురించి వివరిస్తాను. చాలామంది పై భాగంలో టికెట్ కౌంటర్లు ఉన్న ప్రధాన ద్వారం గుండా ప్రవేశిస్తారు. అది హెనరలీఫే పక్కన ఉంటుంది. అక్కడి నుంచి రాజమందిరాలకు పావుగంటకు పైగానే నడవాలి. పెద్దవారితో అయితే ఇంకా ఆలస్యమవుతుంది. ముందే టికెట్ కొన్నవారు 1348లో కట్టిన న్యాయ ద్వారం గుండా నేరుగా రాజమందిరాల సమీపానికి చేరవచ్చు. మీరు ఉదయం 10 లేదా 10.30 గంటల సమయం ఎంచుకోండి. 9 గంటలకు ఆ ద్వారం దగ్గర టాక్సీ దిగి, ముందుగా అల్కసాబా చూడండి. అక్కడి వేలా బురుజు పైకి వెళ్ళే మెట్లు అమ్మగారు ఎక్కనక్కరలేదు. నాన్నగారు, మీరు ఎక్కి వచ్చేలోగా ఆవిడ ఎదురుగా ఉన్న, స్పెయిన్ రాజు అయిదవ చార్లెస్ కట్టించిన మందిరం దగ్గర నీడన కూర్చోవచ్చు. 1527లో మొదలైన ఆ కట్టడానికి బయట చతురస్రపు గోడలు, లోపల సంపూర్ణ వృత్తాకారపు ప్రాంగణం. దానికి టికెట్ అవసరం లేదు.

తరువాత రాజమందిరాలు, అక్కడి నుంచి బయటికి వచ్చే దారిలోనే పార్తాల్ కొలను, ఆపైన హెనరలీఫే తోటలు, చివరికి ప్రధాన ద్వారం వస్తాయి. అక్కడ సీ30 చిన్న బస్సు గానీ టాక్సీ గానీ ఎక్కి దిగువకు రావచ్చు. ఈ క్రమంలో నడిస్తే వెనక్కి తిరగవలసిన అవసరం ఎక్కడా రాదు. మొత్తం నాలుగు గంటలు పెట్టుకోండి. రాజమందిరాలలోకి వెళ్ళే ముందే మరుగుదొడ్డి అవసరం తీర్చుకోవడం, మంచినీళ్ళ సీసా దగ్గర ఉంచుకోవడం పెద్దవారికి ముఖ్యం.

రాజమందిరాలలో ఫొటోల తొందరలో పడకుండా, గోడలను కింది నుంచి పైకి నిదానంగా చూడమని చెప్పండి. నడుము ఎత్తు వరకు రంగు పలకలు, వాటిపైన సున్నపు గచ్చులో తీర్చిన అరబ్బీ అక్షరాలు, ఆకులు, తీగెలు, పైన కొయ్యపని కనిపిస్తాయి. కొమారెస్ బురుజులోని సింహాసన శాల పైకప్పును ఎనిమిది వేలకు పైగా కొయ్య ముక్కలను కూర్చి చేశారు. తలెత్తి చూస్తే చీకటి ఆకాశంలో నక్షత్రాలు పొదిగినట్లుంటుంది. 14వ శతాబ్దంలో నస్రిద్ సుల్తాను అయిదవ మహమ్మద్ కట్టించిన సింహాల ప్రాంగణంలో 124 స్తంభాలు, నడుమ తొట్టిని మోస్తున్న 12 పాలరాతి సింహాలు ఉన్నాయి. దగ్గరగా గమనిస్తే ఏ రెండు సింహాలూ ఒకేలా ఉండవు. తొట్టి అంచున చెక్కిన పద్యం ఆస్థాన కవి ఇబ్న్ జమ్రక్ రాసినది. ఈ కొండ మీద నీటి ఊటలు లేవు. దార్రో నదిని సుమారు ఆరు కిలోమీటర్ల ఎగువన మళ్ళించి, కాలువ తవ్వి తెచ్చిన నీరే ఇప్పటికీ ఆ తోటలన్నింటికీ ఆధారం. హెనరలీఫే పై భాగంలో నీటిమెట్లు అని ఒక చోటు ఉంది. అక్కడ మెట్లకు ఇరువైపులా ఉన్న పిట్టగోడల తలపై గాడి తీసి నీరు పారించారు. మెట్లు ఎక్కలేకపోయినా, కింద నిలబడి ఆ గాడిలో చెయ్యి పెడితే వేళ్ళ మధ్యగా చల్లని నీరు జారుతుంది. వ్యవసాయం తెలిసిన మీ నాన్నగారి తరం వారికి ఆ నీటి ఏర్పాటు తప్పకుండా నచ్చుతుందని నా నమ్మకం.

అడిగినవారి అనుబంధ ప్రశ్న

ఇంత ఓపికగా రాసినందుకు ఇద్దరికీ కృతజ్ఞతలు. సెవిల్, రోందాలను తొలగించాను. మా నాన్నగారు కృష్ణా కాలువ కింద వరి పండించినవారే కనుక నీటి సంగతి చదివి వినిపించాను. మే 2కు సాధారణ టికెట్లు దొరకకపోతే ఏం చేయాలి? అల్బయిసిన్ పేటలో పాత ఇళ్ళను బసకు ఇస్తున్నారు, ఫొటోలలో చాలా బాగున్నాయి. అక్కడ ఉండవచ్చునా?

మొదటి సభ్యుని సమాధానం

టికెట్లు అయిపోయినట్లు కనిపించినా ఆశ వదులుకోనక్కరలేదు. గ్రనాడా కార్డు పేరుతో నగరపాలక సంస్థ తరఫున అమ్మే పాస్‌లో అల్‌హంబ్రాతో పాటు కథీడ్రల్ (ప్రధాన చర్చి), రాజ సమాధి మందిరం, కార్తూహా మఠం వంటివి కలిసి ఉంటాయి. దానికి అల్‌హంబ్రా ప్రవేశాల కోటా వేరుగా ఉంటుంది కనుక సాధారణ టికెట్లు లేని రోజున కూడా దొరికే అవకాశం ఉంది. అదీ లేకపోతే గైడుతో వెళ్ళే బృందంలో చేరవచ్చు, లేదా రాజమందిరాలను రాత్రిపూట చూసే టికెట్ తీసుకోవచ్చు. తోటలు, అల్కసాబా మాత్రమే ఉన్న టికెట్ కూడా అమ్ముతారు. చౌకగా ఉందని పొరపాటున అదే కొనేసి, గుమ్మం దాకా వెళ్ళి రాజమందిరాలు చూడకుండా తిరిగి వచ్చేవారు ఉన్నారు. కొనే ముందు టికెట్ పేరు జాగ్రత్తగా చదవండి.

బస విషయంలో, అల్బయిసిన్ ఎంత అందమైనదైనా మీ కుటుంబానికి తగదని నా ఉద్దేశం. సందులు నిటారుగా ఉంటాయి, నేలంతా గులకరాళ్ళ పరుపు, చాలా ఇళ్ళ దాకా టాక్సీ రాదు. కథీడ్రల్‌కూ బీబ్ రాంబ్లా చౌకుకూ దగ్గరలో లిఫ్టు, వంటగది ఉన్న అపార్ట్‌మెంట్ చూసుకోండి. అక్కడ నేల చదునుగా ఉంటుంది, బస్సులు కూడా దగ్గర. కారు అద్దెకు తీసుకోవద్దు. పాత నగరంలోకి వాహనాల ప్రవేశాన్ని కెమెరాలతో నియంత్రిస్తారు, అనుమతి లేకుండా వెళితే జరిమానా పడుతుంది.

రోజువారీ క్రమం ఇలా పెట్టుకుంటే సుఖంగా ఉంటుంది. మే 1 సెలవు కనుక సూపర్ మార్కెట్లు మూసి ఉంటాయి. పాలు, పెరుగు, కూరగాయలు ముందు రోజు సాయంత్రమే కొనుక్కోవాలి. ఆ ఉదయం విశ్రాంతి తీసుకుని, ఎండ తగ్గాక ప్లాసా నుఎవా నుంచి సీ31 బస్సులో అల్బయిసిన్ ఎక్కి, సాన్ నికొలాస్ చౌకు నుంచి అల్‌హంబ్రాను చూడండి. మే నెలలో అక్కడ సూర్యాస్తమయం రాత్రి 9 గంటల ప్రాంతంలో అవుతుంది. ఆ వెలుగులో కోట గోడలు ఎర్రబడతాయి, వెనుక సియెర్రా నెవాదా శిఖరాలపై అప్పటికింకా మంచు ఉంటుంది. చౌకు జనంతో కిక్కిరిసి ఉంటుంది కనుక గంట ముందే చేరితే అమ్మగారికి కూర్చోవడానికి చోటు దొరుకుతుంది, జేబుల విషయంలో జాగ్రత్త. ఊరు సముద్ర మట్టానికి 700 మీటర్ల ఎత్తున ఉంది కనుక పొద్దు వాలగానే చలి మొదలవుతుంది. శాలువాలు తీసుకువెళ్ళండి.

మే 2 అల్‌హంబ్రాకు. మే 3న శిలువల పండుగ. వీధుల్లో, ఇళ్ళ లోగిళ్ళలో ఎర్రని కార్నేషన్ పూలతో నిలువెత్తు శిలువలను అలంకరించి, రాగి పాత్రలు, శాలువాలు చుట్టూ పేరుస్తారు. తప్పులెన్నేవారి నోరు మూయించడానికని వాటి దగ్గర కత్తెర గుచ్చిన ఆపిల్ పండును ఉంచుతారు. మన దిష్టి గుమ్మడికాయ వంటి ఆచారమే అది. ఆ రోజే రాజ సమాధి మందిరం కూడా చూడవచ్చు. ఆదివారం అయితే ఉదయం ప్రార్థనలు జరుగుతాయి కనుక మధ్యాహ్నానికి పెట్టుకోండి. 1492 జనవరి 2న చివరి నస్రిద్ సుల్తాను బొఅబ్దిల్ నుంచి గ్రనాడాను స్వాధీనం చేసుకున్న స్పెయిన్ రాజదంపతులు ఇసబెల్లా, ఫెర్డినాండ్‌ల సమాధులు అక్కడే ఉన్నాయి. పైన పాలరాతి విగ్రహాలు ఎంతో వైభవంగా ఉంటాయి. పక్కనే కొన్ని మెట్లు దిగితే నేలమాళిగలో సాదా సీసపు శవపేటికలు కనిపిస్తాయి. లోపల ఫొటోలు తీయనివ్వరు.

మరొక సభ్యురాలి సమాధానం, భోజనం గురించి

గ్రనాడాలో పానీయం కొంటే చిన్న పళ్ళెం తినుబండారం ఉచితంగా ఇస్తారు. దానినే తాపా అంటారు. ఏమిస్తారో వారి ఇష్టం కనుక అందులో పంది మాంసమో చేపో ఉండే అవకాశం ఎక్కువ. కూర్చోగానే "నో కొమెమోస్ కార్నె, నీ పెస్కాదో, నీ ఉఎవో" అని చెప్పండి. మేము మాంసం, చేప, గుడ్డు తినము అని దాని అర్థం. శాకాహారం అని మాత్రమే చెబితే కొన్ని చోట్ల పంది మాంసపు తునకలు చల్లి తెస్తారు, వారి దృష్టిలో హామోన్ మాంసం లెక్కలోకి రాదు. సల్మొరెహో అనే చల్లని టమాటా పులుసుపై మామూలుగా హామోన్, ఉడికించిన గుడ్డు వేస్తారు, అవి వద్దని ముందే చెప్పాలి. తోర్తియా అనే బంగాళాదుంప వంటకంలో గుడ్డు ఉంటుంది. గస్పాచో అనే చల్లని కూరగాయల పులుసు, చెరకు పాకం పోసిన వంకాయ వేపుడు, బ్రెడ్డుపై టమాటా గుజ్జు, ఆలివ్ నూనె సాధారణంగా ఇబ్బంది లేనివి. వేపుడు పిండిలో గుడ్డు కలిపారేమో మాత్రం అడగండి. కాల్దెరెరియా నుఎవా వీధిలోని అరబ్బు హోటళ్ళలో శనగలతో చేసే ఫలాఫెల్ వడలు, హుమ్ముస్ ముద్ద దొరుకుతాయి.

దీనికంటే ముఖ్యమైనది వేళలు. మధ్యాహ్న భోజనం 2 గంటల ప్రాంతంలో, రాత్రి భోజనం 8.30 తరువాతే మొదలవుతాయి. నడుమ వంటశాలలు మూసి ఉంటాయి. మందులు వేళకు వేసుకునే పెద్దవారికి ఇది కష్టం. అందుకే వంటగది ఉన్న బస అవసరం. కొద్దిగా సన్నబియ్యం, చింతపండు, కందిపొడి, ఒక పచ్చడి సీసా చెక్-ఇన్ సామానులో పెట్టుకోండి. అల్‌హంబ్రా రోజున పులిహోర కట్టుకువెళ్ళి, చూడడం ముగించి బయటికి వచ్చాక బెంచీ మీద కూర్చుని తింటే సరిపోతుంది.

అడిగినవారు

టికెట్లు దొరికాయి. మే 2 ఉదయం 10.30కి నలుగురికీ పాస్‌పోర్టు పేర్లతోనే తీసుకున్నాను. బీబ్ రాంబ్లా దగ్గర లిఫ్టు ఉన్న ఇల్లు కుదిరింది. కొర్దొబాలో ఒక్క రోజుకు ఏం చూడాలో చెప్పగలరా?

రెండవ సభ్యుని సమాధానం

చాలా సంతోషం. గ్రనాడా నుంచి కొర్దొబాకు రైలులో రెండు గంటల లోపే చేరవచ్చు. ఉదయం రైలు ఎక్కి, సామాను హోటల్‌లో ఉంచి, మధ్యాహ్నం భోజనం తరువాత మహా మసీదు-కథీడ్రల్‌కు వెళ్ళండి. 785లో మొదలైన ఆ కట్టడంలో ఎరుపు తెలుపు చారల జంట కమానులను మోసే 856 స్తంభాలు ఉన్నాయి. వాటి నడుమ 16వ శతాబ్దంలో ఒక కథీడ్రల్ కట్టారు. నేలంతా చదును, లోపల చల్లగా ఉంటుంది కనుక అమ్మగారికి శ్రమ ఉండదు. మే నెలలో అక్కడి ఇళ్ళవారు తమ లోగిళ్ళను పూలకుండీలతో నింపి సందర్శకులకు తెరిచే ఉత్సవం జరుగుతుంది. మీరు వెళ్ళే రోజుకు మొదలైతే సాన్ బసీలియో పేటలోనివి మాత్రం చూస్తే చాలు. అవి మసీదుకు నడక దూరంలోనే ఉన్నాయి. మరుసటి రోజు మలగా రైలుకు, విమానానికి మధ్య కనీసం నాలుగు గంటల వ్యవధి ఉంచుకోండి. మలగా స్టేషన్ నుంచి విమానాశ్రయానికి లోకల్ రైలు ఉంది, సుమారు పది పన్నెండు నిమిషాల ప్రయాణం.