మెకానిక్ పని మానేసి సొంత లారీల్లోకి దిగొచ్చా?

గ్రీజుచేతులు:
డీజిల్ బళ్ల మీద 13 ఏళ్లుగా పని చేస్తున్నాను. ఇంజన్, గేర్‌బాక్సు, హౌసింగ్ (వెనక ఇరుసు డబ్బా) ఏదైనా విప్పి బిగించగలను. 4 ఏళ్ల కిందట ఓ పాత లారీ కొని ఇంజన్ నేనే చేసుకున్నాను. తమ్ముడు నడుపుతున్నాడు, కిరాయిలు బాగానే దొరుకుతున్నాయి. ఇంకో రెండు బళ్లు తీసుకుని, షెడ్డు మానేసి పూర్తిగా ఇందులోకే దిగుదామని ఇంట్లో అనుకుంటున్నాం. ఒకటి బావమరిది నడుపుతానంటున్నాడు. రిపేర్లకు బయట ఖర్చు పెట్టక్కర్లేదు కదా, అదే నా ధైర్యం. ఇలా వచ్చినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి, ఎక్కడ దెబ్బ తింటాం?

ఖాళీట్రిప్పు:
ముందు రిటర్న్ లోడు సంగతి చూసుకోండి. నిండుగా వెళ్లి ఖాళీగా తిరిగొస్తే సగం కిలోమీటర్లకు కిరాయి లేనట్టే. ఖాళీ బండి కూడా డీజిల్ తాగుతుంది, టైర్లు అరగదీస్తుంది. ఒక్క బండికి లోడు దొరికినంత తేలిగ్గా మూడింటికి దొరకదు.

పాతహౌసింగ్:
"బయట ఖర్చు పెట్టక్కర్లేదు" అన్నారు చూడండి, నేను దెబ్బ తిన్నది సరిగ్గా అక్కడే.

నేనూ 16 ఏళ్లు షెడ్డులో చేసి వచ్చినవాణ్నే. మొదటి బండి ఇంజన్ బోరుకొచ్చి, అంటే సిలిండర్లు లోపల అరిగిపోయి, మూలన పడి ఉంటే తీసుకున్నాను. రాత్రిళ్లు కూర్చుని లైనర్లు, పిస్టన్లు, బేరింగులు మార్చి రోడ్డెక్కించాను. అన్నయ్య స్టీరింగ్ పట్టాడు. ఆ ఊపులో రెండోది, మూడోది కూడా పాతవే కొన్నాం. నా చేతులున్నాయి కదా అని.

మూడోదాని గేర్‌బాక్సు పోయింది. బయట ఇస్తే నాలుగు రోజుల పని. నేనే చేస్తానన్నాను. ఈలోగా ఒకదానికి క్లచ్, ఇంకోదానికి కమాన్ కట్టలు (ఇరుసు మీది స్ప్రింగు పట్టీలు), మధ్యలో రావలసిన కిరాయిల కోసం ఫోన్లు. విప్పిన పళ్ల చక్రాలు ట్రేలో దుమ్ము పట్టి 38 రోజులు అలాగే ఉన్నాయి. బండి ఆగితే కిస్తీ ఆగదు, ఇన్సూరెన్సు ఆగదు. అన్ని రోజుల కిరాయి పోగొట్టుకుని, మెకానిక్ కూలీ మిగిలిందని సంబరపడ్డాను!

అప్పుడు మా అమ్మాయి ఒక్కో బండికి ఒక్కో పుస్తకం పెట్టింది. మీటరు రీడింగు, డీజిల్ లీటర్లు, ఆయిల్ మార్చిన తేదీ, ఏ టైరు ఏ చక్రానికి ఎప్పుడు వేశామో అన్నీ. చివర ఇంకో గడి గీసి పైన "నాన్న గంటలు" అని రాసింది. నవ్వొచ్చింది గానీ రాశాను. ఆరు నెలలకు కూడితే, నాకు అన్నిటికన్నా ఇష్టమైన ఆ మొదటి బండి ఏమీ మిగల్చడం లేదని తేలింది, నా గంటలకు షెడ్డు కూలీ వేస్తే. రెండు రోజులు ఆ పుస్తకం ముట్టుకోలేదు. తర్వాత అమ్మేశాను.

మన విద్య అక్కరకొచ్చేది బండి కొనేటప్పుడు, మళ్లీ బండి ట్రిప్పు నుంచి వచ్చిన మొదటి అరగంటలో. కొనేటప్పుడు ఇంజన్ చల్లగా ఉండాలి. మీరు వెళ్లేసరికే వేడి చేసి పెట్టారంటే, చల్లగా ఉన్నప్పటి స్టార్టింగ్ లోపం దాస్తున్నారేమోనని అనుమానించండి. స్టార్ట్ చేసి ఆయిల్ మూత తీస్తే పొగ గుప్పుగుప్పున ఎగదన్నితే బోరు పనైపోయినట్టే. గాలి బ్రేకులైతే గాలి నిండాక ఇంజన్ ఆపి, పెడల్ తొక్కి పట్టుకుని గేజి ముల్లు దిగిపోతూ ఉందేమో చూడండి, దిగుతుంటే గాలి ఎక్కడో లీకవుతున్నట్టే.

ట్రిప్పు నుంచి అన్నయ్య దిగగానే నేను చక్రాల చుట్టూ తిరుగుతాను. అరచెయ్యి హబ్బుకు (చక్రం నడిబొడ్డుకు) దగ్గరగా పెడతాను, ఆనించను. ఒకటి మిగతావాటికన్నా సెగ కొడితే బ్రేకు పట్టేస్తోందో, బేరింగు పోతోందో. ఒకసారి వెనక ఎడమది అలా కొట్టింది. విప్పితే సీలు పోయి గ్రీజు బ్రేకు లైనింగు మీదికి కారింది, బేరింగు రోలర్లు వేడికి నీలం తిరిగాయి. ఇంకో ట్రిప్పు తిరిగి ఉంటే ఆ చక్రం సంగతి దేవుడికెరుక. జంట టైర్లలో లోపలిదానికి గాలి తగ్గినా బయటిది మోసేస్తుంది, కంటికి తెలీదు. కర్రతో కొట్టి చూసేవాళ్లున్నారు, నాకు నమ్మకం లేదు, గేజి పెట్టాల్సిందే.

ఇంకోటి. తమ్ముడికీ బావమరిదికీ మీకూ జీతం రాసుకోండి. అన్నయ్య, నేను మూడేళ్లు "మనం మనం" అనుకుంటూ నడిపాం. స్పేర్లకు పెట్టింది నా గుర్తు, దారి ఖర్చులు ఆయన గుర్తు. ఓ రోజు రెండు గుర్తులూ కలవలేదు. ఎనిమిది నెలలు మాటల్లేవు. ట్రిప్పు నుంచి వచ్చి తాళాలు కిటికీలో పెట్టి వెళ్లిపోయేవాడు.

నైట్‌డ్రైవర్:
మెకానిక్ ఓనర్ల దగ్గర చేశాను, ఒక మాట. చప్పుడొస్తోందని చెబితే "నువ్వు గేరు సరిగ్గా వెయ్యట్లేదు" అనేవాళ్లే ఎక్కువ. లోడుతోనా ఖాళీగానా, ఏ గేరులో, ఎక్కేటప్పుడా దిగేటప్పుడా అని అడిగినాయన ఒక్కడే. ఆయన దగ్గర ఏడేళ్లు చేశాను.

గ్రీజుచేతులు:
అందరికీ థాంక్స్. హౌసింగ్ గారూ, నా గంటలు ఎప్పుడూ రాయలేదు. గుర్తున్నంత వరకు లెక్కేస్తే నిరుడు ఒక్క ఏడాదే 31 ఆదివారాలు బండి కిందే ఉన్నాను. తమ్ముడితో జీతం మాట ఎత్తితే, "నేనే అడుగుదామనుకుంటున్నా అన్నా" అన్నాడు. షెడ్డు ఇప్పుడే మానను. ఒక్క బండే చూస్తున్నాం, రేపు పొద్దున్నే వెళ్తున్నా. నేను వచ్చేదాకా స్టార్ట్ చెయ్యొద్దని ఓనర్‌కి ఫోన్ చేసి చెప్పాను.

పాతహౌసింగ్:
చెప్పినా చేస్తారు. వెళ్లగానే రేడియేటర్ మీద చెయ్యి పెట్టి చూడండి.