డిపోర్టేషన్‌కు ‘దేశ బహిష్కరణ’ సరైన మాటేనా?

విదేశీయుణ్ని దేశం నుంచి పంపించేయమన్న ఉత్తర్వుపై హైకోర్టు తీర్పు వచ్చిన ప్రతిసారీ వార్తల్లో ‘దేశ బహిష్కరణ’ అనే కనిపిస్తోంది. ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంటోంది. మన దగ్గర బహిష్కరణ ఎవరికి? రౌడీషీటర్‌కు జిల్లా బహిష్కరణ. కట్టుబాటు దాటాడన్నవాడికి కుల బహిష్కరణ. మాట చెవిన పడగానే ‘ఏం తప్పు చేశాడో’ అనుకుంటాం.

మా చిత్తూరులో తమిళం, కన్నడం రోజూ వింటుంటాం. తమిళంలో ‘నాడు కడత్తల్’ అంటారు, దేశం దాటించడం. కన్నడంలో ‘గడీపారు’, అంటే గడి (సరిహద్దు) అవతలికి. రెండింట్లోనూ సరిహద్దే పైకి కనిపిస్తుంది. మనకు అలాంటిది లేదా అంటే, ఉంది. పీలేరు వైపు కువైట్ పోయొచ్చినవాళ్లను అడగండి. అకామా (అక్కడ ఉండేందుకిచ్చే అనుమతి) అయిపోయి, ఔట్‌పాస్ (ఇంటికి రావడానికిచ్చే తాత్కాలిక ప్రయాణ పత్రం) మీద వచ్చిన మనిషిని ‘తిప్పి పంపించేసినారు’ అంటారు. బహిష్కరించారని ఏ ఇంట్లోనూ అనగా నేను వినలేదు. మన బిడ్డకు వాడని మాట పరాయి బిడ్డకు ఎందుకు? ‘తిప్పిపంపడం’ అని రాస్తే చాలదా?

— అన్నా, నేను తిరుపతి కోర్టులో ప్రాక్టీస్ చేస్తున్నాను. బహిష్కరణ వద్దన్న మాట నాకూ నచ్చింది. డిపోర్టేషన్ కోర్టు వేసే శిక్ష కాదు, ప్రభుత్వం తీసుకునే చర్య. 1955లో హాన్స్ ముల్లర్ కేసులో సుప్రీంకోర్టు, విదేశీయుణ్ని పంపించే అధికారం వేరు, ఇంకో దేశం అడిగితే నేరస్థుణ్ని అప్పగించడం వేరు అని తేల్చింది. రెండోదానికి మనకు ‘అప్పగింత’ ఉండనే ఉంది. పెళ్లిలో కన్నీళ్లు పెట్టించే మాట చట్టంలోకి ఎంత చక్కగా ఒదిగిందో చూడండి.

కానీ ‘తిప్పిపంపడం’ దగ్గర ఒక చిక్కుంది. 2021లో మణిపూర్ హైకోర్టుకు వచ్చిన ఏడుగురు మయన్మార్ వాళ్ల భయమే అది. అక్కడ సైన్యం గద్దెనెక్కింది, వెనక్కి వెళ్తే ప్రాణానికి ముప్పు. అలాంటి చోటికి తిప్పిపంపకూడదన్న సూత్రాన్ని, ప్రాణానికి, స్వేచ్ఛకు రక్షణ ఇచ్చే రాజ్యాంగం 21వ అధికరణంలో భాగంగానే చూడొచ్చని కోర్టు చెప్పింది. ఆ అధికరణం పౌరులకే కాదు, మనిషి అన్న ప్రతివాళ్లకూ వర్తిస్తుంది. దేశంలో నివాసం ఉండే హక్కు మాత్రం 19వ అధికరణం కింద పౌరులదే. అందుకే తిప్పిపంపడాన్ని ఈ సూత్రానికి ఉంచుకుందాం. డిపోర్టేషన్‌కు వేరే మాట కావాలి.

— అమ్మా, ఈ తేడా నాకు తట్టలేదు. నువ్వు చెప్పింది నిజమే. అయితే డిపోర్టేషన్‌ను ‘దేశం నుంచి పంపివేత’ అందాం. కాస్త పొడుగైనా నింద లేదు. వెనక్కి వెళ్తే ప్రాణానికి ముప్పున్నవాళ్లకు ఉన్న రక్షణను ‘తిప్పిపంపరాదన్న సూత్రం’ అందాం. ‘పంపివేత’లో ‘వేత’ కూడా ‘వెలివేత’ను గుర్తుచేస్తోందని మా ఆవిడ ఇప్పుడే అంటోంది. ‘పంపించివేయడం’ అంటే ఆ చప్పుడు తగ్గుతుందేమో, మీరేమంటారు?