గిట్‌హబ్ ఖాతా రేపు ఆగిపోతే మన ప్రాజెక్టులో ఏం మిగులుతుంది?

కడప_పదకోశం:
మా తెలుగు స్పెల్‌చెకర్ మొత్తం గిట్‌హబ్ అనే కోడు దాచే సైటులోనే ఉంది. కోడు, పాత ఇష్యూలు (తప్పుల నివేదికలు), పుల్ రిక్వెస్టులు (మార్పు ప్రతిపాదనలు), రిలీజు ఫైళ్లు, టెస్టులు నడిపే యాక్షన్స్ అన్నీ అక్కడే. పని చేసేది కడప, ప్రొద్దుటూరు, అనంతపురం కాలేజీల పిల్లలు. గిట్‌లో (కోడు మార్పుల చరిత్ర దాచే సాధనం) ప్రతి క్లోనూ, అంటే ఎవరి పీసీలో తీసుకున్న నకలైనా, బ్యాకప్పే కదా, భయమెందుకంటారు కొందరు. నాకు నమ్మకం కుదరడం లేదు. ఇంట్లో పాత పీసీ మీద ఫోర్జేయో (గిట్‌హబ్ లాంటి సైటును సొంతంగా నడిపే సాఫ్ట్‌వేర్) పెట్టుకుంటే సరిపోతుందా?

అనంత_సర్వర్:
మీ అనుమానం సరైందే. క్లోన్‌తో వచ్చేది కమిట్లు (నమోదైన మార్పులు), బ్రాంచీలు (కోడు శాఖలు), ట్యాగులు (వెర్షన్ గుర్తులు). ఇష్యూలు, రివ్యూ చర్చలు, రిలీజు ఫైళ్లు గిట్‌లో ఉండవు, గిట్‌హబ్ కంపెనీ డేటాబేసులో ఉంటాయి. ఫలానా పదాన్ని జాబితాలోంచి ఎందుకు తీసేశామో తెలిసేది ఆ చర్చల్లోనే, అందుకే పోతే అసలు నష్టం అదే.

ఇది ఊరికే భయపెట్టడం కాదు. ఇలాంటి సైటే అయిన గూగుల్ కోడ్ 2016లో మూతపడింది. 2019లో అమెరికా ఆంక్షల వల్ల ఇరాన్, సిరియా, క్రిమియా వాళ్ల గిట్‌హబ్ ఖాతాలకు ఆటంకాలు వచ్చాయి. 2020 అక్టోబరులో ఒక్క కాపీరైట్ నోటీసుతో వీడియోలు దించుకునే యూట్యూబ్-డీఎల్ సాధనం రిపోజిటరీ (కోడు దాచిన చోటు) మాయమై, మరుసటి నెలలో గానీ తిరిగి రాలేదు.

ముందు 'గిట్ క్లోన్ --మిర్రర్'తో నకలు తీసి, క్రాన్‌లో (వేళకు ఆదేశాలు నడిపేది) రోజూ 'గిట్ రిమోట్ అప్‌డేట్ --ప్రూన్' నడపండి. ఇక్కడే ఒక ప్రమాదం ఉంది: అవతల ఎవరైనా బ్రాంచి చెరిపేస్తే ప్రూన్ మీ నకల్లోనూ చెరిపేస్తుంది. కాబట్టి వారానికొకసారి రిపోజిటరీని ఒకే ఫైలుగా కట్టే 'గిట్ బండిల్ క్రియేట్'కు '--ఆల్' ఇచ్చి, ఫైలు పేరులో తేదీ పెట్టి వేరే డిస్కులో దాచండి. ఆ ఫైలు సరిగ్గా ఉందో చూసే 'గిట్ బండిల్ వెరిఫై' కూడా మరవకండి. వికీ వేరే రిపోజిటరీ, దాన్ని విడిగా క్లోన్ చేయాలి. పెద్ద ఫైళ్లను విడిగా దాచే ఎల్‌ఎఫ్‌ఎస్ వాడుతుంటే 'గిట్ ఎల్‌ఎఫ్‌ఎస్ ఫెచ్ --ఆల్' కొట్టకపోతే పెద్ద ఫైళ్ల చోట చిన్న పాయింటర్లే మిగులుతాయి.

కర్నూలు_రూట్:
ఇంటి పీసీ బ్యాకప్‌కు మేలే గానీ అందరూ వాడే సర్వర్‌గా వద్దన్నా. చాలా ఇళ్ల ఫైబర్ కనెక్షన్లు సీజీన్యాట్ (ఒకే బయటి చిరునామాను చాలా ఇళ్లకు పంచే ఏర్పాటు) వెనక ఉంటాయి, బయటివాళ్లు మీ పీసీని చేరలేరు. కరెంటు పోతే అదీ పోయినట్టే. సొంతంగానే నడపాలంటే చిన్న వీపీఎస్ (అద్దె సర్వర్) తీసుకోండి. ఎస్‌క్యూలైట్ అనే చిన్న డేటాబేసుతో 1 జీబీ ర్యామ్ మీ జట్టుకు చాలు. రిజిస్ట్రేషన్ మాత్రం మూసి ఉంచండి, లేకపోతే స్పామ్ ఖాతాలు ముంచెత్తుతాయి.

ఆ నిర్వహణ చూసే మనిషి లేకపోతే కోడ్‌బెర్గ్ సైటు మంచిది. బెర్లిన్‌లోని లాభాపేక్ష లేని సంఘం ఫోర్జేయో మీదే దాన్ని నడుపుతోంది. అక్కడ పెట్టే రిపోజిటరీలో స్వేచ్ఛా లైసెన్సు ఫైలు ఉండాలి.

రెండింట్లో ఏదైనా వలస పద్ధతి ఒకటే. 'కొత్త మైగ్రేషన్'లో గిట్‌హబ్ ఎంచుకుని టోకెన్ (మీ గిట్‌హబ్ ఖాతా నుంచి తీసుకునే రహస్య తాళం) ఇవ్వండి. టోకెన్ లేకుంటే గిట్‌హబ్ ఏపీఐ (ప్రోగ్రాములు డేటా అడిగే దారి) గంటకు 60 అభ్యర్థనలకే ఆగిపోతుంది, ఉంటే 5,000. ఇష్యూలు, పుల్ రిక్వెస్టులు, లేబుళ్లు, రిలీజులకు టిక్కు పెట్టి, 'మిర్రర్' టిక్కు తీసేయండి. మిర్రర్ ఎంచుకుంటే ఇష్యూలు రావు. ఇష్యూ నంబర్లు మారకూడదంటే ఖాళీ రిపోజిటరీ తయారుచేసి పుష్ చేయడం కాదు, నేరుగా మైగ్రేషనే చేయాలి. పాత కమిట్లలోని "ఫిక్సెస్ #12" లాంటివి అప్పుడే సరైన చోటికి పోతాయి.

కడప_పదకోశం:
యాక్షన్స్ సంగతేంది? పిల్లలకు గిట్‌హబ్ ఖాతాలే ఉన్నాయి గదా.

అనంత_సర్వర్:
యాక్షన్స్ ఫైళ్లు చాలావరకు పనికొస్తాయి గానీ యథాతథంగా నడవవు. సొంత సర్వర్ అయితే వాటిని నడిపే రన్నర్ ప్రోగ్రామును మీరే పెట్టుకోవాలి. అన్నిటికన్నా మంచి దారి, టెస్టులన్నీ ఒక మేక్‌ఫైల్‌లో (ఆదేశాలు రాసి ఉంచే ఫైలు) పెట్టి, వర్క్‌ఫ్లోలో, అంటే యాక్షన్స్ ఫైల్లో, 'మేక్ టెస్ట్' అనే ఒక్క వరుస మాత్రం ఉంచడం. అప్పుడు ఏ సర్వరైనా ఒకటే.

పిల్లల కోసం గిట్‌హబ్‌ను వదిలేయనక్కర్లేదు. అసలు రిపోజిటరీ కొత్త చోట పెట్టి, ఫోర్జేయో 'పుష్ మిర్రర్'తో గిట్‌హబ్‌కు నకలు పంపండి. అక్కడ ఇష్యూలు ఆపేసి, రీడ్‌మీ మొదటి వరుసలో కొత్త చిరునామా రాయండి. ఖాతా తెరవలేని వాళ్లు 'గిట్ ఫార్మాట్-ప్యాచ్'తో చేసిన ఫైలు మెయిల్‌లో పంపితే 'గిట్ ఏఎమ్'తో చేర్చుకోవచ్చు, రాసినవాళ్ల పేరు అట్లే నిలుస్తుంది. సబ్‌మాడ్యూళ్లు (లోపల కలుపుకున్న వేరే రిపోజిటరీలు) ఉంటే '.గిట్‌మాడ్యూల్స్'లోని చిరునామాలు కూడా మార్చండి, లేకుంటే కొత్తగా క్లోన్ చేసినప్పుడల్లా పాత సర్వర్‌కే పోతుంది.