ట్రోమ్సో నుంచి లాంగ్‌యర్‌బ్యెన్‌కి విమానంలో ఎంతసేపు?

ప్రశ్న: అందరికీ నమస్కారం. మేం జర్మనీలో ఉంటాం. ఆగస్టు మొదట్లో అమ్మానాన్న విజయవాడ నుంచి వస్తున్నారు. నాన్నకి స్వాల్‌బార్డ్ దీవులు చూడాలని ఎప్పటినుంచో కోరిక. నార్వేలో ట్రోమ్సో దాకా వెళ్లి, అక్కడ ఆ దీవుల్లోని ముఖ్యమైన ఊరు లాంగ్‌యర్‌బ్యెన్‌కి విమానం ఎక్కుదామని ఆలోచన. గోడ మీది ప్రపంచపటంలో స్కేలు పెట్టి కొలిస్తే మూడున్నర వేల కిలోమీటర్లు తేలింది! నాన్నకి మోకాళ్ల నొప్పులు, నాలుగైదు గంటలు కూర్చోలేరు. నిజంగా అంత దూరమా?

జవాబు: కాదండి, 957 కిలోమీటర్లే. హైదరాబాద్ నుంచి ఢిల్లీ ఇంతకంటే దూరం. ఆ పటాలు ధ్రువం వైపు పోయేకొద్దీ భూమిని సాగదీస్తాయి. ట్రోమ్సో ఉండే 70 డిగ్రీల అక్షాంశం దగ్గర దాదాపు మూడు రెట్లు, లాంగ్‌యర్‌బ్యెన్ ఉండే 78 దగ్గర ఇంచుమించు ఐదు రెట్లు. అక్కడ స్కేలు పనికిరాదు. కావాలంటే చేతిలెక్క వేసుకోండి. రెండు ఊళ్ల అక్షాంశాలకీ తేడా ఎనిమిదిన్నర డిగ్రీల పైచిలుకు. డిగ్రీకి 111 కిలోమీటర్ల చొప్పున 950 దాకా వస్తుంది. కాస్త పడమరగా పోవాలి కాబట్టి ఇంకో ఆరేడు కలుస్తాయి, అంతే. టైమ్‌టేబుల్‌లో సుమారు గంటా నలభై నిమిషాలు చూపిస్తారు, గాల్లో ఉండేది ఇంకా తక్కువ.

ప్రశ్న: హమ్మయ్య! ఓస్లో నుంచి నేరుగా వెళ్లే విమానం మేలంటారా?

జవాబు: అది రెండు వేల కిలోమీటర్లు, మూడు గంటలకి దగ్గర. మోకాళ్ల నొప్పులంటున్నారు కాబట్టి నా ఓటు ట్రోమ్సోకే.

ఇంకొకరి జవాబు: దూరం సంగతి సరే, అమ్మానాన్నల వీసా ఎలాంటిది? స్వాల్‌బార్డ్ నార్వేదే అయినా షెంగెన్ (ఒకే వీసాతో తిరగగలిగే ఐరోపా దేశాల) పరిధిలోకి రాదు. ట్రోమ్సోలో పాస్‌పోర్ట్ చూపించి బయటికి వెళ్లినట్టు లెక్క, తిరిగొచ్చేటప్పుడు మళ్లీ లోపలికి రావాలి. అంటే కనీసం రెండు ఎంట్రీల వీసా ఉండాలి. మా అత్తగారికి ఒక్క ఎంట్రీయే ఉందని చివరి వారంలో చూసుకున్నాం, ఆవిడ ట్రోమ్సోలోనే ఉండిపోయారు. ఇప్పటికీ దెప్పుతుంటారు. మీకు జర్మనీ రెసిడెన్స్ కార్డు ఉంటుందిగా, పాస్‌పోర్ట్‌తో పాటు అదీ జేబులో పెట్టుకోండి.

ప్రశ్న: అమ్మో, ఇది నాకసలు తట్టలేదండి! వీసా అపాయింట్‌మెంట్ వచ్చే వారమే.

జవాబు: అయితే ఇంకా చేతిలోనే ఉంది. దరఖాస్తులో ఎన్ని ఎంట్రీలు అని అడిగినచోట రెండు గానీ, మల్టిపుల్ గానీ పెట్టండి. స్వాల్‌బార్డ్ ప్రయాణ వివరాలు జతచేసి, ఎందుకు అడుగుతున్నారో లేఖలో రాయండి. వీసా చేతికి రాగానే ఎంట్రీల గడిలో ఎంత ఉందో చూశాకే డబ్బు వెనక్కి రాని టికెట్లు కొనండి.

ఇంకో మాట. వాతావరణం బాగోక లాంగ్‌యర్‌బ్యెన్‌లో విమానం దిగలేకపోతే, మళ్లించడానికి ఆ దీవుల్లో అంత పెద్ద రన్‌వే మరొకటి లేదు. తిరుగు ప్రయాణానికి ఒక రోజు ఖాళీ ఉంచుకోండి. విమానాశ్రయం నుంచి ఊరు ఐదు కిలోమీటర్లు, విమానం వేళకి బస్సు ఉంటుంది. ఊరు దాటి సొంతంగా నడకకి మాత్రం పోవద్దు, ధ్రువపు ఎలుగుబంట్లు తిరిగే చోటు.

ప్రశ్న: మన హిమాద్రి పరిశోధన కేంద్రం కూడా చూడొచ్చా అని నాన్న పక్కనుంచి అడుగుతున్నారు.

జవాబు: 2008లో తెరిచిన ఆ కేంద్రం నీ-ఓలెసుండ్‌లో ఉంది, లాంగ్‌యర్‌బ్యెన్‌కి ఇంకా వంద కిలోమీటర్ల పైన. రోడ్డు లేదు. చిన్న విమానం పరిశోధకుల కోసమే నడుస్తుంది. పర్యాటకులు ఓడలో వెళ్తారు. మోకాళ్ల సంగతి చూసుకుని నిర్ణయించుకోమనండి.