సెలవు రోజు జరిగిన దానికి ఆఫీసులో షోకాజ్ నోటీసు: జవాబులో దేనిమీద వాదించాలి?

ప్రశ్న: సంఘం కార్యకర్త

అందరికీ నమస్కారం. ప్రభుత్వ కార్యాలయంలో ఉద్యోగుల సంఘం తరఫున సభ్యుల సర్వీసు వ్యవహారాలు చూస్తుంటాను. బదిలీలు, సీనియారిటీ, ఇంక్రిమెంటు నిలుపుదల వంటి వాటిలో కొంత అనుభవం ఉంది గాని, ఇప్పుడు వచ్చిన వ్యవహారం నాకు కొత్తది.

మా సభ్యులొకరు 12 ఏళ్లుగా రికార్డుల విభాగంలో గుమాస్తాగా ఉన్నారు. ఇంతవరకు ఒక్క మెమో కూడా అందుకోలేదు. ఒక సెలవు రోజున ప్రహరీ గోడ హద్దు గురించి పొరుగువారితో గొడవ జరిగి, మాటా మాటా పెరిగి, తోపులాట దాకా వెళ్లింది. ఇరుపక్షాలూ పోలీసులకు ఫిర్యాదు చేసుకున్నాయి, అవి ఇంకా తేలలేదు. ఆ రాత్రే ఆయన తన సొంత సోషల్ మీడియా ఖాతాలో పొరుగువారిని, ఫిర్యాదు తీసుకోవడంలో జాప్యం చేసిన పోలీసులను, వారిని అదుపు చేయలేని ప్రభుత్వాన్ని కలిపి పరుషంగా తిడుతూ ఒక పోస్టు పెట్టారు. తాను ఎక్కడ పనిచేస్తున్నదీ ఆ ఖాతాలో ఎక్కడా లేదు. అయినా చూసినవారెవరో దాన్ని పై అధికారికి పంపించారు. ఇప్పుడు ‘ప్రభుత్వోద్యోగికి తగని ప్రవర్తన’ అన్న ఒకే అభియోగం కింద గొడవనూ పోస్టునూ కలిపి షోకాజ్ నోటీసు ఇచ్చారు. జవాబుకు 10 రోజుల గడువు ఉండగా 4 రోజులు అప్పుడే గడిచిపోయాయి.

‘అది నా సెలవు రోజు, నా సొంత విషయం, ఆఫీసుకు సంబంధం లేదు’ అని ఒక్క వాక్యం రాసి ఇచ్చేస్తానని ఆయన పట్టుబడుతున్నారు. ఆయన ఆవేదన నాకు అర్థమవుతోంది, కానీ అది సరిపోతుందన్న నమ్మకం నాకు లేదు. డ్యూటీలో లేని సమయంలోని ప్రవర్తనపై క్రమశిక్షణ చర్య తీసుకునే అధికారం యజమానిగా ప్రభుత్వానికి ఎంతవరకు ఉంటుంది? దాన్ని సవాలు చేసి గెలిచినవారు ఏ వాదనతో గెలిచారు?

జవాబు: సర్వీసు న్యాయవాది

మీ సందేహం సరైనదే. ఆ ఒక్క వాక్యం ఇవ్వవద్దని చెప్పండి. డ్యూటీలో లేనంత మాత్రాన ఉద్యోగి తన సర్వీసు నియమాల పరిధి దాటిపోడు. చాలా దేశాల ప్రవర్తనా నియమావళులు ‘ఎల్లవేళలా’ అన్న మాటతోనే మొదలవుతాయి. అయితే ఆ ‘ఎల్లవేళలా’కు కూడా హద్దు ఉంది, ఆ హద్దును కోర్టులు గీసిన చోటే మీ వాదన నిలబడాలి. ఆ ప్రవర్తనకూ, ఆయన చేసే ఉద్యోగానికీ, ఆ కార్యాలయపు పనికీ మధ్య నిజమైన సంబంధం ఏమిటో చూపించవలసిన బాధ్యత చర్య తీసుకునేవారిది. ‘సంబంధం లేదు’ అని మీరు ప్రకటించడం వేరు, ‘సంబంధం ఉందని మీరు ఎక్కడ చూపించారు?’ అని అడగడం వేరు. రెండవది అడిగితే అవతలివారు సమాధానం చెప్పుకోక తప్పదు.

ఈ సూత్రానికి బాగా పాతుకుపోయిన ఉదాహరణ అమెరికాలో 1969 నాటిది. నాసాలో బడ్జెట్ విశ్లేషకుడిగా ఉన్న ఒక ఉద్యోగిని, పని వేళల తర్వాత మరో పురుషుడితో అతనికున్న ప్రవర్తన అనైతికమని చెప్పి తొలగించారు. నార్టన్ కేసుగా పేరుపడిన ఆ వివాదంలో వాషింగ్టన్‌లోని అప్పీళ్ల కోర్టు, అధికారులకు నచ్చని నడవడి అయినంత మాత్రాన చాలదనీ, అది ప్రభుత్వ సేవ సామర్థ్యాన్ని ఎలా దెబ్బతీస్తుందో చూపాలనీ చెప్పి ఆ తొలగింపును నిలబడనివ్వలేదు. ఇప్పుడు అక్కడి ఫెడరల్, అంటే కేంద్ర ప్రభుత్వ, ఉద్యోగుల విషయంలో ఈ సంబంధాన్ని మూడు దారుల్లో ఏదో ఒకదానితో నిరూపించాలి: ప్రవర్తన ఎంత ఘోరమైనదంటే సంబంధాన్ని ఊహించుకోవచ్చన్న స్థాయిలో ఉండాలి, లేదా ఆయన పనినో తోటివారి పనినో అధికారులకు ఆయనపై ఉన్న నమ్మకాన్నో అది దెబ్బతీసిందని సాక్ష్యం ఉండాలి, లేదా ఆ సంస్థ ఏ పనికోసం ఉందో ఆ పనికే అది అడ్డు తగిలి ఉండాలి. మీ సభ్యునికి ఇచ్చిన నోటీసును ఈ మూడు ప్రశ్నలతో ఒకసారి చదవండి. మీరు రాసినదాన్ని బట్టి చూస్తే, మూడింటిలో ఒక్కదానికైనా అందులో జవాబు ఉన్నట్టు నాకు కనిపించడం లేదు.

పోస్టు సంగతి వేరుగా చూడాలి, ఎందుకంటే అక్కడ భావప్రకటన స్వేచ్ఛ కూడా వస్తుంది. ఇల్లినాయ్‌లో ఒక ఉపాధ్యాయుడు పాఠశాల బోర్డు నిధులను ఖర్చు చేస్తున్న తీరును విమర్శిస్తూ స్థానిక పత్రికకు లేఖ రాసినందుకు తొలగింపుకు గురైతే, 1968లో అమెరికా సుప్రీంకోర్టు ఆయన పక్షాన తీర్పు చెప్పింది. పికరింగ్ తీర్పు అనేది దాన్నే. ప్రజలకు పట్టే విషయంపై పౌరుడిగా మాట్లాడే ఉద్యోగి హక్కునూ, పని సజావుగా సాగాలన్న యజమాని అవసరాన్నీ తక్కెడలో వేసి తూచాలని అది చెప్పింది. ఆ లేఖలో కొన్ని తప్పుడు వివరాలు ఉన్నా, తెలిసి చేసినవి గానీ నిర్లక్ష్యంతో చేసినవి గానీ కావు కాబట్టి ఉద్యోగం తీసేయడం చెల్లదన్నది. యూరప్ మానవ హక్కుల కోర్టు 1995లో వోగ్ట్ కేసులో, జర్మనీలో కమ్యూనిస్టు పార్టీ సభ్యురాలైనందుకు తొలగించిన ఒక భాషా ఉపాధ్యాయిని వైపు నిలిచింది. ఆమె బోధనలో లోపం లేదు, తరగతి గదిలో పార్టీ ప్రచారం చేసిన దాఖలా లేదు. అయినా 10 మంది న్యాయమూర్తులు ఒకవైపు, 9 మంది మరోవైపు ఉన్నారంటే, ఇలాంటి కేసుల్లో గెలుపు ఎంత సన్నని దారిపై ఉంటుందో గ్రహించవచ్చు.

భారతదేశంలో 2020లో త్రిపుర హైకోర్టు కూడా ఇదే దిశలో మాట్లాడింది. పదవీ విరమణకు కొద్ది రోజుల ముందు, ఒక రాజకీయ సభకు వెళ్లారనీ ఫేస్‌బుక్‌లో రాశారనీ సస్పెండ్ చేసిన ఉద్యోగిని కేసులో, సభలో ఉండటం వేరు, సభలో పాలుపంచుకోవడం వేరు అని చెప్పింది. ఇంత చిన్న తేడా కనిపించే తీరులో వాస్తవాలను విడదీసి పెట్టడమే మీ జవాబు చేయవలసిన పని.

జవాబు: విభాగాధిపతిగా పనిచేసినవారు

న్యాయవాది గారు చెప్పినదాంతో నాకు పేచీ లేదు గాని, రెండో వైపు కూడా మీ సభ్యునికి తెలియాలి. క్రమశిక్షణ చర్యలపై సంతకాలు పెట్టినవాడిగా చెబుతున్నాను, కొన్ని సందర్భాల్లో సెలవు రోజు ప్రవర్తన నిజంగానే ఆఫీసులోకి నడిచి వస్తుంది. పిల్లల సంరక్షణ చూసే ఉద్యోగి ఇంట్లో పిల్లలను హింసించాడని తేలితే, పన్నులు వసూలు చేసే అధికారి తన పన్ను ఎగవేశాడని తేలితే, అది సొంత విషయం అని ఏ కోర్టూ అనదు, అనకూడదు కూడా.

ఖాతాలో ఆఫీసు పేరు లేకపోవడాన్ని మీరు పెద్ద రక్షణగా భావిస్తున్నట్టున్నారు. అంత బలమైనది కాదు. ఆస్ట్రేలియాలో వలసల శాఖ ఉద్యోగిని ఒకరు మారుపేరుతో 9 వేలకు పైగా ట్వీట్లు చేశారు. అందులో తన శాఖనూ ప్రభుత్వ విధానాలనూ విమర్శించినవి ఎన్నో ఉన్నాయి. ఆమె ఎవరో బయటపడింది, ఉద్యోగం పోయింది, 2019లో అక్కడి అత్యున్నత న్యాయస్థానమైన హైకోర్టు ఏకగ్రీవంగా ఆమెకు వ్యతిరేకంగా తీర్పు ఇచ్చింది. రాజకీయాలకు అతీతమైన ప్రభుత్వ సేవను కాపాడుకోవడం కోసం ఆ ఆంక్ష సమంజసమే అన్నది దాని సారం. కెనడాలో రెవెన్యూ శాఖ ఉద్యోగి ఒకరు మెట్రిక్ కొలతల విధానాన్నీ, హక్కుల పత్రాన్నీ బహిరంగంగా, మళ్లీ మళ్లీ విమర్శించారు. అవి ఆయన చేసే పనికి సంబంధించినవి కావు. అయినా 1985లో సుప్రీంకోర్టు ఆయన తొలగింపును సమర్థించింది. ప్రభుత్వోద్యోగులు సమాజంలో నోరు మూసుకుని ఉండాలని ఆ కోర్టు అనలేదు, నిష్పాక్షికతపై ప్రజల నమ్మకాన్ని సడలించే స్థాయికి విమర్శ వెళ్లిందని అన్నది.

అయితే ఈ రెండు కేసులను మీ సభ్యునికి వ్యతిరేకంగా వాడాలనుకునేవారికి ఒక చిక్కు ఉంది. అవి నెలల తరబడి సాగిన విమర్శలు, ఉద్యోగిగా వారి నిష్పాక్షికత మీదే అనుమానం తెప్పించినవి. మీ వద్ద ఉన్నది ఒక రాత్రి కోపంలో రాసిన ఒకే పోస్టు. ఆయనది ప్రజల విషయంలో నిర్ణయాలు తీసుకునే పదవి కాదు, రికార్డుల గదిలో పని. పదవి ఏమిటన్నది ఇలాంటి వ్యవహారాల్లో సగం కేసు. నేను ఫైలు చూసేవాడినైతే ముందు అడిగే ప్రశ్న అదే.

జవాబు: విశ్రాంత విచారణాధికారి

పై ఇద్దరూ సూత్రాల గురించి చెప్పారు. నేను కాగితాల గురించి చెబుతాను, ఎందుకంటే నేను చూసిన విచారణల్లో ఉద్యోగులు ఓడిపోయింది ఎక్కువగా కాగితాల దగ్గరే.

మొట్టమొదట, నోటీసులో అభియోగం ఎంత స్పష్టంగా ఉందో చూడండి. గొడవనూ పోస్టునూ ఒకే అభియోగంలో కలపడం చిన్న లోపం కాదు. గొడవ రుజువు కాక పోస్టు మాత్రమే రుజువైతే శిక్ష ఎంత ఉండాలి అన్న ప్రశ్నకు అలాంటి అభియోగంలో జవాబు దొరకదు. ఏ తేదీన, ఏ మాట, ఏ నియమాన్ని ఉల్లంఘించింది అని విడివిడిగా చెప్పమని రాతపూర్వకంగా అడగండి. వారు ఆధారపడిన పత్రాల నకళ్లు, పోస్టును పంపినవారి ఫిర్యాదు, ప్రాథమిక విచారణ ఏదైనా జరిగి ఉంటే ఆ నివేదిక ఇవ్వమనండి, అవి అందాక జవాబుకు గడువు పొడిగించమనండి. గడువు పొడిగిస్తారని నమ్మి ఊరుకోవద్దు. పొడిగింపు ఉత్తర్వు చేతికి రాకపోతే, హక్కులు వదులుకోకుండా తాత్కాలిక జవాబు చివరి రోజుకు ముందే అందజేసి రసీదు తీసుకోండి.

పోలీసు ఫిర్యాదు ఇంకా తేలలేదన్నారు. గొడవ గురించి ఆఫీసుకు ఇచ్చే జవాబులోని ప్రతి వాక్యం రేపు క్రిమినల్ కోర్టులో ఆయన ముందుకు రావచ్చు. కాబట్టి ఆ భాగంలో ఎంత చెప్పాలో క్రిమినల్ కేసు చూసే న్యాయవాదితో మాట్లాడకుండా ఒక్క అక్షరం రాయవద్దు. క్రిమినల్ కేసులో నిర్దోషిగా తేలితే శాఖాపరమైన చర్య దానంతటదే పోతుందనే అపోహ చాలామందికి ఉంది. చాలా దేశాల్లో రెండింటికీ రుజువు ప్రమాణం వేరు. క్రిమినల్ కోర్టు సందేహానికి తావు లేని రుజువు అడుగుతుంది, శాఖాపరమైన విచారణకు ఏది జరగడానికి ఎక్కువ అవకాశం ఉంది అన్నది చాలు.

పోస్టును ఇప్పుడు చెరిపేయవద్దు. ఫిర్యాదు వచ్చాక చెరిపేస్తే సాక్ష్యం మాయం చేశాడన్న రెండో అభియోగం పుట్టుకొస్తుంది. దాన్ని ఉన్నది ఉన్నట్టుగా, తేదీ సమయంతో, ఎంతమంది చూశారన్న వివరంతో భద్రపరచండి. తక్కువమంది చూశారంటే అది మీకే బలం. ఆయనతో కలిసి పనిచేసే ఇద్దరు ముగ్గురు, ఆ సంఘటన తర్వాత కూడా విభాగంలో పని ఎప్పటిలాగే సాగుతోందని రాసి ఇవ్వగలిగితే, సంబంధం గురించి న్యాయవాది గారు చెప్పిన వాదనకు అంతకంటే మంచి సాక్ష్యం ఉండదు.

ఇంకొకటి. ఇదే కార్యాలయంలో ఇలాంటివి చేసిన ఇతరులకు ఏం శిక్ష వేశారో వాకబు చేయండి. అమెరికాలో ఫెడరల్ ఉద్యోగుల అప్పీళ్లు చూసే బోర్డు 1981లో డగ్లస్ కేసులో శిక్ష తగినదేనా అని తేల్చడానికి 12 అంశాలు పేర్కొంది. తప్పు తీవ్రత, పదవి స్వభావం, గత సర్వీసు, ఇతరులకు వేసిన శిక్షలతో పోలిక, ఆ సమయంలోని ఉద్రిక్త పరిస్థితి, తేలికైన శిక్షతో ప్రయోజనం నెరవేరుతుందా అన్నది, ఇవన్నీ అందులో ఉన్నాయి. మీ దేశంలో ఆ జాబితాకు చట్టబద్ధత లేకపోయినా, ఆ ప్రశ్నలు న్యాయమైన ఏ అధికారినైనా ఆలోచింపజేస్తాయి. 12 ఏళ్ల మచ్చలేని సర్వీసును జవాబు చివర్లో ఒక మూల పెట్టవద్దు.

ప్రశ్న అడిగినవారు: సంఘం కార్యకర్త

ముగ్గురికీ హృదయపూర్వక కృతజ్ఞతలు. నిన్న రాత్రి ఆయనతో కూర్చుని ఇవన్నీ చదివి వినిపించాను. పోస్టు ఇంకా ఉంది, చెరపలేదు. ఒక్క విషయంలో ఇద్దరికీ ఎటూ తేలలేదు. పోలీసుల గురించి వాడిన మాటలు తప్పేనని ఆయనకే అనిపిస్తోంది. జవాబులో విచారం తెలిపితే అభియోగాన్ని ఒప్పుకున్నట్టు అవుతుందా?

జవాబు: సర్వీసు న్యాయవాది

ఎలా రాస్తారన్న దాన్నిబట్టి ఉంటుంది. ‘నేను తగని విధంగా ప్రవర్తించాను, క్షమించండి’ అని రాస్తే అభియోగంలోని పదాన్నే ఒప్పుకున్నట్టు, అలా రాయవద్దు. ‘ఆ రాత్రి ఉద్వేగంలో వాడిన కొన్ని మాటలు కటువుగా ఉన్నాయి, అందుకు విచారిస్తున్నాను, అవి నా విధులకు గానీ కార్యాలయానికి గానీ సంబంధించినవి కావు, నా పనిని ఏ విధంగానూ ప్రభావితం చేయలేదు, కాబట్టి అభియోగాన్ని నిరాకరిస్తున్నాను’ అని రాస్తే, వాస్తవాన్ని ఒప్పుకుని ఆరోపణను నిరాకరించినట్టు. నిజంగా అనిపించిన విచారాన్ని దాచిపెట్టి రాసిన జవాబు కంటే ఇది చదివే అధికారికి నమ్మదగినదిగా ఉంటుంది. గొడవ విషయంలో మాత్రం ఈ పద్ధతి వద్దు, అక్కడ విచారణాధికారి గారు చెప్పిన జాగ్రత్తే పాటించండి.

జవాబు సంతృప్తికరంగా లేదని వారు శిక్ష వేస్తే, ఆ ఉత్తర్వు అందిన తేదీని కవరుతో సహా భద్రపరచండి, అప్పీలు గడువు ఆ రోజు నుంచే లెక్క. ఉత్తర్వులో కారణాలు రాశారా, మీరు లేవనెత్తిన సంబంధం ప్రశ్నకు జవాబు ఇచ్చారా అన్నది ముందు చూడండి. ఇవ్వకపోతే అప్పీలులో మొదటి పేరా అదే కావాలి. అందుకే ఇప్పుడు ఇచ్చే జవాబులో ఆ ప్రశ్న విడిగా, ఒక పేరాగా, నంబరు వేసి ఉండాలి.

సంఘం కార్యకర్త

అలాగే రాస్తున్నాను. పత్రాల నకళ్ల కోసం ఈ ఉదయమే దరఖాస్తు ఇచ్చి రసీదు తీసుకున్నాం. రికార్డుల విభాగంలో ఇద్దరు సహోద్యోగులు వాంగ్మూలం రాసి ఇవ్వడానికి ముందుకొచ్చారు. ముసాయిదా సిద్ధం కాగానే, ఆయన వివరాలు తీసేసి, సంబంధం గురించిన పేరా మటుకు ఇక్కడ పెడతాను, దయచేసి చూడండి.