అతిథులు మన వస్తువులు వాడుకుని వెళ్తే ధరావతులో మినహాయించుకోవచ్చా?

మల్లేశ్వరం గృహిణి:
బెంగళూరులోని మా ఇంటి మేడమీద రెండు గదులూ వంటిల్లూ ఉన్న భాగాన్ని రోజువారీ అద్దెకు ఇస్తున్నాను. డిసెంబరులో అనంతపురం నుంచి ఒక కుటుంబం పెద్దాయన కంటి ఆపరేషన్ కోసం వచ్చి 9 రోజులు ఉన్నారు. వాళ్ళు వెళ్ళాక చూస్తే వంటింటి పై అరలో దాచుకున్న ఆవకాయ జాడీ సగానికి దిగింది, నెయ్యి సీసా ఖాళీ అయింది. జబ్బుమనిషితో వచ్చినవాళ్ళు నాలుగు ముద్దలు తిన్నారని వాటి సంగతి సరిపెట్టుకున్నాను. బీరువాలో ఉండవలసిన మా అత్తగారి ఉన్ని శాలువా మాత్రం కనబడటం లేదు. ఆ బీరువాకు నేను తాళం వేయలేదు. వాళ్ళ ధరావతు 2,000 రూపాయలు ఇంకా నా దగ్గరే ఉంది. ఫోన్ చేసి అడిగితే దొంగలని అన్నట్టవుతుందేమోనని సంకోచం, అడగకుండా ఊరుకుంటే మనసు ఒప్పుకోవడం లేదు. మీరైతే ఏం చేస్తారు?

జయనగర్ వాసి:
సంకోచించవలసిన పని లేదమ్మా. 'అతిథి దేవో భవ' అన్న తైత్తిరీయోపనిషత్తు మాట మనం పిలిచి అన్నం పెట్టే అతిథికి వర్తిస్తుంది కానీ, రోజుకింత అని అద్దె కట్టి దిగినవారికి కాదు. ధరావతు తీసుకునేదే ఇటువంటి నష్టం కోసం కాబట్టి, మొత్తం ఉంచేసుకుని కారణం సందేశంలో రాయండి. ఇకమీదట హాల్లో ఒక కెమెరా కూడా పెట్టించండి.

బసవనగుడి న్యాయవాది:
పై సలహాలో రెండు మాటలతోనూ నేను ఏకీభవించలేను. కెమెరా విషయం ముందు చెబుతాను: ఇళ్ళను రోజువారీ అద్దెకు కుదిర్చే ఎయిర్‌బిఎన్‌బి సంస్థ 2024 ఏప్రిల్ 30 నుంచి ఇంటి లోపలి కెమెరాలను పూర్తిగా నిషేధించింది, ఆ సంస్థ ద్వారా కాకుండా నేరుగా అద్దెకిచ్చినా పరాయి కుటుంబం పడుకుని లేచే చోట కన్ను పెట్టడం మర్యాద కాదు. ఇక దొంగతనం మాటకు వస్తే, 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహిత 303వ సెక్షన్, పాత శిక్షాస్మృతి 378వ సెక్షన్‌లో ఉన్నట్టే, యజమాని సమ్మతి లేకపోవడంతో పాటు తీసుకున్నవారిలో దురుద్దేశం కూడా ఉండాలంటుంది. అక్కడే ఇచ్చిన ఒక ఉదాహరణలో, స్నేహితుడు ఇంట్లో లేనప్పుడు అతని గ్రంథాలయం నుంచి చదివి తిరిగి ఇచ్చేద్దామని పుస్తకం పట్టుకెళ్ళిన మనిషి, అడిగితే కాదనడని నమ్మి ఉండవచ్చు కనుక దొంగ కాడని ఉంది. అద్దెకు దిగినవారు స్నేహితులు కారు, నిజమే. అయినా తాళం లేని బీరువాలో దుప్పట్ల పక్కన శాలువా కనిపిస్తే, అది గదితో పాటు ఇచ్చినదేనని చలికి వణికే పెద్దాయన ఇంటివాళ్ళు అనుకోవడంలో వింత ఏముంది? కప్పుకున్న శాలువాతోనే ఆయనను బండి ఎక్కించి ఉండవచ్చు. అడగకుండానే ధరావతు పట్టి ఉంచుకుంటే, శాలువా వెల మీరే కట్టి, నేరం మీరే నిర్ణయించి, శిక్ష కూడా మీరే వేసినట్టవుతుంది.

జయనగర్ వాసి:
ఉద్దేశం చూడాలన్న మాట ఒప్పుకుంటాను. అయితే తిరిగి ఇవ్వకపోతే నష్టం యజమానికే కదండీ? పోయినసారి మా ఇంట్లో దిగినవారు ఇస్త్రీపెట్టె పట్టుకెళ్ళారు, ఫోన్ చేస్తే ఎత్తనే లేదు. ఒకసారి అలా అయ్యాక మెత్తగా ఉండాలంటే కష్టమే.

బసవనగుడి న్యాయవాది:
ఫోన్ ఎత్తనివారికీ, ఇంకా మనం అడగనివారికీ తేడా ఉంది. మీ విషయంలో ధరావతు ఉంచుకోవడం సమంజసమే. ఈవిడ ఇంకా అడగనే లేదు.

మల్లేశ్వరం గృహిణి:
ఆలోచిస్తే తప్పులో నా పాలు కూడా కనబడుతోంది. అద్దెకిచ్చిన గదిలో అత్తగారి జ్ఞాపకాన్ని తాళం లేకుండా ఉంచినది నేనే. రేపు ఉదయం ఫోన్ చేసి, ముందుగా పెద్దాయన కన్ను ఎలా ఉందో అడిగి, తరువాత 'బూడిదరంగు శాలువా ఒకటి మీ సామానులో వచ్చిందేమో చూడండి, అది మా అత్తగారిది' అని చెబుతాను. వాళ్ళు ఏమన్నా ధరావతు పంపేస్తాను, ఎందుకంటే ఆ శాలువాకు 2,000 రూపాయలు బదులు కావు. ఆవకాయ ఊసు ఎత్తను. బీరువాకు ఈ సాయంత్రమే తాళం తెస్తున్నాను, అతిథులు వాడుకోదగిన ఉప్పు, పప్పు, నూనె మాత్రం పొయ్యి పక్క అరలో విడిగా సర్దుతాను.